మా నాయనమ్మ మరణం కేసులో సీఐతో పాటు సైకాలజిస్టు ఎందుకు వచ్చారు?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర ఊరు, 76 ఏళ్ల నాయనమ్మ. షుగరు ఉంది, పూటపూటకూ ఇన్సులిన్ మీ అమ్మే వేసేది. తెల్లారి లేపబోతే పడకలోనే చనిపోయి ఉంది. మోచేతుల మీద, వీపు మీద నల్లటి మచ్చలు చూసి మీ మేనత్త పోలీసులకు అనుమానం ఉందని చెప్పింది. పోస్టుమార్టం అయింది, విసెరా (విషం ఉందేమో చూడటానికి తీసిన లోపలి అవయవాల ముక్కలు) ల్యాబుకు పోయింది. పిట్టకు పెట్టిన మర్నాడు సీఐ సారు ఒక సైకాలజిస్టు మేడంను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె మీ అమ్మతో రెండు గంటలు కూర్చున్నారు, మీ అక్క కొడుకుతోనూ మాట్లాడారు. చనిపోయిన మనిషి మనసు ఎట్లా తెలుస్తుంది, అమ్మ ఏడవలేదని అనుమానిస్తున్నారా, లై డిటెక్టర్ పెడతారా, ముందు రాత్రి అత్తాకోడళ్లకు జరిగిన గొడవ చెప్పాలా వద్దా అని మీరు అడిగారు.

నేను క్లినికల్ సైకాలజిస్టును, హన్మకొండలో ప్రాక్టీసు. నా రోజువారీ పని ఇది కాదు. పరీక్షల టెన్షన్‌తో వచ్చే పిల్లలు, నిద్ర పట్టని పెద్దలు, తాగే భర్తను చెయ్యి పట్టి లాక్కొచ్చే భార్యలు, ఇదీ నా ఓపీ. ఇప్పుడు రిటైరైన ఒక సీఐ సారు పుణ్యమా అని ఇలాంటి చావుల్లోకి అడుగుపెట్టాను. ఆయనతో కలిసి చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో ఎక్కువ ముసలమ్మలవే.

ముందు ఈ ముక్క మీ అమ్మకు చదివి వినిపించండి. ఇప్పుడు నడుస్తున్నది హత్య కేసు కాదు. చావుకు కారణం తెలియకపోయినా, ఎవరైనా అనుమానం చెప్పినా పోలీసులు విచారణ చేసి తీరాలి. నేర విచారణ ఎట్లా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 174వ సెక్షన్, దాని బదులు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. స్టేషన్లలో ఇప్పటికీ 'వన్ సెవెంటీ ఫోర్' అనే అంటారు, నోటికి అలవాటైపోయింది. ఊళ్లో ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి శవ పంచనామా రాసింది దాని కిందే. ఈ దశలో నిందితుడంటూ ఎవరూ ఉండరు. రిపోర్టుల్లో నేరం కనిపిస్తే అప్పుడు సెక్షన్లు మారతాయి. ఇంకో మాట, ప్రశ్నలు అడగడానికి ఆడమనిషిని స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయడానికి లేదు, ఇంటికే రావాలి. మీ అమ్మ చెప్పింది పోలీసులు రాసుకోవచ్చు గానీ, దాని మీద ఆమెతో సంతకం చేయించకూడదు.

ఇక ఆ మేడం చేస్తున్న పని. దాన్ని సైకలాజికల్ ఆటాప్సీ అంటారు. పేరు వినగానే మంత్రమో మాయో అనిపిస్తుంది గానీ, నిజానికి ఓపికతో చేసే గుమాస్తా పని. 1950ల చివర్లో లాస్ ఏంజిలిస్‌లో థియోడర్ కర్ఫీ అనే కరోనర్‌కు (అనుమానం ఉన్న చావులకు కారణం తేల్చే అధికారి) ఒక చిక్కు వచ్చింది. మాత్రలు ఎక్కువై చనిపోయినవాళ్లు పొరపాటున మింగారా, కావాలనే మింగారా? శవాన్ని ఎంత కోసి చూసినా అది తెలియదు. ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్బెరో, రాబర్ట్ లిట్మన్ అనే ముగ్గురు మానసిక నిపుణులను సాయం అడిగాడు. వాళ్లు ఇంటివాళ్లను, ఇరుగుపొరుగును, మందులిచ్చిన డాక్టరును కలిసి ఆ మనిషి చివరి రోజులను పూట పూటా పేర్చుకుంటూ వచ్చారు. సహజ మరణమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అనే నాలుగింటిలో ఏది ఎక్కువ పొసుగుతుందో చెప్పడమే దాని పని. ఎవరు చంపారో చెప్పడం కాదు. మన దగ్గర 2018లో ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయినప్పుడు ఇదే చేశారు. చావాలని కాదు, ఒక పూజలాంటి తంతు చేస్తూ ప్రమాదవశాత్తు పోయారని ఆ నివేదిక చెప్పింది. కోర్టులో మాత్రం ఇది నిపుణుల అభిప్రాయమే, తీర్పు కాదు. అట్లా ఉండటమే మంచిదని నా ఉద్దేశం.

ఒక కేసు చెబుతాను, మీ సందేహాలు సగం దాంట్లోనే తీరతాయి. ఊరు, వయసు, ఇంకొన్ని గుర్తులు మార్చాను.

ములుగు దిక్కు ఒక పల్లె. డెబ్బై దాటిన అవ్వ. పొద్దున్నే మోటరు వేయడానికి పోయిన పక్క చేను రైతు బాయిలో శవాన్ని చూశాడు. అవ్వ కొడుకూ కోడలి దగ్గరే ఉండేది, కూతురిని జమ్మికుంట వైపు ఇచ్చారు. కూతురు వచ్చీ రాగానే తల్లి భుజాల మీద, వీపు మీద సన్నటి చారల్లాంటి దెబ్బలు చూసింది. "నా తల్లిని కొట్టి సంపి బాయిల ఏసిన్రు" అని శవం ముందు కూర్చుంది, ఇక లేవలేదు. రెండెకరాల పట్టా ఇంకా అవ్వ పేరు మీదే ఉంది. కొడుకేమో మోకాళ్ల నొప్పులు ఓర్వలేక తనే దూకిందన్నాడు. ఊరు రెండు ముక్కలైంది. రైతు బీమా డబ్బు కోసమే చంపారని ఎవరో పుట్టించారు. ఆ బీమా 59 ఏళ్ల దాకానే అని పుట్టించినవాళ్లకు తెలియదు.

నీళ్లలో మునగడం వల్లే చనిపోయిందని పోస్టుమార్టంలో వచ్చింది. అంటే బాయిలో పడేటప్పటికి ప్రాణం ఉంది. తోస్తే పడిందా, దూకిందా, కాలు జారిందా అన్నది ఊపిరితిత్తులు చెప్పవు. సీఐ సారు తన పని తను చేసుకుంటూ పోయారు. కొడుకు కాల్ డేటా తీశారు. పట్టా మార్పు కోసం ఎవరైనా తిరిగారా అని తహసీల్ ఆఫీసులో అడిగారు. ఆ రాత్రి కుక్కలు మొరిగాయా అని కూడా నాలుగిళ్లలో అడిగారు. నన్ను పిలిచింది మాత్రం పంచనామాలో ఉన్న ఒక్క వాక్యం కోసం. బావి ఒడ్డున తువాలలో కట్టిన స్టీలు గిన్నె, అందులో అన్నం, మామిడికాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. "మేడం, సావాలనుకున్న మనిషి సద్ది కట్టుకుంటదా? సంపేటోడు సద్ది కట్టిస్తడా? నాకు లెక్క కుదురుతలేదు" అన్నారు.

మొదటిసారి పోయినప్పుడు కోడలి నోట ఒక్కటే మాట, "మంచిగనే ఉండె." కొడుకూ అదే. పక్కింటామె కూడా అదే మాట, అదే స్వరంతో. ముగ్గురు ఒకే మాట చెబితే నేను ఆ మాట రాసుకోను, దాని పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకుంటాను. రెండోసారి సారును ఊరి బయట హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఉండమని చెప్పి ఒక్కదాన్నే పోయాను. కోడలు బీడీలు చుడుతోంది. చేతులకు పని ఉన్నప్పుడు ఆడవాళ్లకు మాట ఈజీగా వస్తుంది, ఇది ఏ సిలబస్‌లోనూ లేదు. చావు గురించి అడగలేదు. అవ్వ ఎక్కడ పడుకునేది, రాత్రి ఎన్నిసార్లు లేచేది, మూత్రానికి ఎవరు తోలుకపోయేది, చివరి వారం ఏం తినేది, ఇవే అడిగాను.

అరగంటకు నోరు విప్పింది. ఎనిమిది రోజుల కింద అవ్వకు మూత్రంలో మంట మొదలైంది. ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. మూడో రాత్రి నుంచి మనిషి తేడా. గోడ మీద లేని చీమలు దులిపేది. కోడలిని ఎప్పుడో చచ్చిపోయిన తన చెల్లె పేరుతో పిలిచేది. తెల్లారితే మళ్లీ మామూలే, చాయ్ తాగి మనుమరాలికి జడ వేసేది. పగలు బాగుండి రాత్రి మారుతోంది కాబట్టి ఇది గాలే అని ఇంటివాళ్లు తీర్మానించుకున్నారు. పక్క ఊరి నుంచి ఒకాయన్ను పిలిపించారు. రెండు రాత్రులు వేపమండలతో కొట్టాడు. వీపు మీది చారలు అవి. పోలీసులకు చెబితే జైల్లో వేస్తారని, ఊర్లో ఇజ్జత్ పోతుందని ముగ్గురూ కూడబలుక్కొని దాచారు. ఆ దాచడమే వాళ్లను హంతకుల్లా నిలబెట్టింది.

మాత్రల పట్టీలు పారేయలేదు, సజ్జ మీద డబ్బాలో ఉన్నాయి. సారు వాటిని పంచనామా చేసి తీసుకున్నారు, ఎన్ని వాడారో లెక్కపెట్టారు. ఒకటి నిద్రకు, ఒకటి మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చేది. నేను ఎంబీబీఎస్ కాదు, మందుల సంగతి నేను తేల్చను. తెలిసిన సైకియాట్రిస్టుకు చూపించాను. ఆయన అన్న మాట డెలీరియం. మన ఇళ్లలో దీనికి పేరు లేదు, కానీ ప్రతి వాడకట్టులో ఎవరో ఒకరు చూసే ఉంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఎండదెబ్బ, కొన్ని రకాల మాత్రలు, వీటిలో ఏదో ఒకటి చాలు. ముసలి మెదడు గంటల్లో, రోజుల్లో గాడి తప్పుతుంది. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. ఇది హఠాత్తుగా వస్తుంది, వచ్చీ పోతూ ఉంటుంది, చీకటి పడితే ముదురుతుంది. లేనివి కనిపిస్తాయి. తను ఏ ఇంట్లో ఉందో, ఏ సంవత్సరంలో ఉందో మనిషికి తెలియదు. కారణం పట్టుకొని వైద్యం చేస్తే చాలామంది కోలుకుంటారు.

సద్ది ముడి మాత్రం ఇంకా విడలేదు. అది విప్పింది కూతురు. అన్నతో మాట్లాడటం మానేసి జమ్మికుంటలో ఉంది. నేను వెళ్లి కూర్చొని, మీ అమ్మ ఎప్పుడైనా బాయికాడికి సద్ది తీసుకుపోయేదా అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తను చిన్నగా ఉన్నప్పుడు బాపు తెల్లవారుజామునే మోట కొట్టేవాడట. అమ్మ చీకట్లోనే లేచి తువాలలో గిన్నె కట్టి పోయేదట, ఉల్లిగడ్డ లేకపోతే బాపు తినేవాడు కాదట. ఆయన పోయి పంతొమ్మిదేళ్లు. ఇటు కోడలు అప్పటికే నాకు చెప్పిన ఒక మాట నా నోట్‌బుక్‌లో ఉంది. ఆఖరి రెండు రాత్రులు అవ్వ వాకిట్లోకి వచ్చి "మీ మామ ఇంకా బువ్వ తినలే" అనేదట. రాత్రి మాటలు కోడలికి తెలుసు, పాత అలవాటు కూతురికి తెలుసు. ఇద్దరూ ఒక చోట కూర్చొని ఏడ్చి ఉంటే నా అవసరమే లేకపోవును.

సీఐ సారు దీన్ని వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే నాకే నచ్చేది కాదు. ఒక రోజు తెల్లవారుజామున మూడున్నరకు టార్చి పట్టుకొని ఆ ఇంటి నుంచి బాయి దాకా నడిచారు. ఇప్పుడు అందరూ మోటరు ఉన్న వైపు నుంచి పోతారు, అక్కడ మెట్లున్నాయి. పాత బాట మోట ఉన్న వైపుకు పోతుంది, అక్కడ ఒర కూలిపోయింది. గిన్నె దొరికింది ఆ వైపే. నెలల తర్వాత ల్యాబు రిపోర్టులో విషం లేదని వచ్చాక ప్రమాదంగా మూసేశారు. మండలతో కొట్టినాయన మీద వేరే కేసు అయింది. కూతురు ఈనాటికీ పూర్తిగా నమ్మలేదని విన్నాను. నూటికి నూరు పాళ్లు నాకు తెలుసని నేను కూడా ఎక్కడా రాయలేదు, ఎక్కువ పొసిగేది ఇది అని మాత్రమే రాశాను.

ఇది చదివి ప్రతి కేసూ ఇట్లా మెత్తగా తేలుతుందని అనుకోకండి. 2020 మే నెలలో గీసుగొండ మండలం గొర్రెకుంటలో ఒకే బావిలో రెండు రోజుల్లో తొమ్మిది శవాలు తేలినప్పుడు, లాక్‌డౌన్ కష్టాలకు అందరూ కలిసి ప్రాణాలు తీసుకున్నారనే చాలామంది అనుకున్నారు. చివరికి అది హత్య. అన్నంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను బావిలో పడేశాడు ఒకడు, అంతకు ముందు చేసిన ఇంకో హత్యను దాచడానికి. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. మనసు గురించి మేం అల్లే కథ ఎంత అందంగా ఉన్నా, ల్యాబు రిపోర్టు ముందు, కాల్ డేటా ముందు అది నిలబడాలి. లేకపోతే చించి పారేయాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ అమ్మ ఏడవకపోవడం గురించి: మన దగ్గర కోడలు రాగం తీసి ఏడిస్తేనే ఏడ్చినట్టు, అది వాడకట్టు లెక్క. పని తెలిసిన సైకాలజిస్టు దాన్ని సాక్ష్యంగా చూడరు. ఏళ్లకేళ్లు మంచాన సేవ చేసినవాళ్లు చావు రోజున రాయిలా ఉండి, ఇరవై రోజులకు ఒక గాజు ముక్క చూసి కుప్పకూలడం నేను చాలాసార్లు చూశాను. లై డిటెక్టర్, నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడగడం) లాంటివి మనిషి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2010లోనే సెల్వి కేసులో చెప్పింది. మీ అక్క కొడుక్కి మాత్రం ఏమీ నేర్పకండి. ఇట్లా చెప్పు, అట్లా చెప్పకు అంటే వాడికి నిజంగా గుర్తున్నది కూడా చెడిపోతుంది. నేర్పిన మాట వినగానే మాకు తెలిసిపోతుంది, అప్పుడు అనుమానం మీ మీదికే వస్తుంది.

మచ్చల సంగతి డాక్టర్లది, నేను పక్కన నిలబడి విన్నంత చెబుతాను. గుండె ఆగాక రక్తం కిందివైపుకు దిగి చర్మం నల్లబడుతుంది. వెల్లకిలా పడుకొని పోతే వీపు మీద కనిపిస్తుంది. ముసలివాళ్ల చర్మం పలచన కాబట్టి మంచం పట్టె తగిలినా మోచేతులు కమిలిపోతాయి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇంకా ఎక్కువ. అది దెబ్బా, దిగిన రక్తమా అన్నది పోస్టుమార్టంలో కోసి చూస్తే తేలుతుంది. మీ మేనత్త చూసింది అబద్ధం కాదు, చూసినదానికి ఆమె చెప్పుకున్న అర్థం తప్పు కావచ్చు. ఆమెతో తగువు పెట్టుకోకండి. ఆమెకు తెలిసిన సగం మీకు తెలియదు.

గొడవ సంగతి, ఇదే అసలుది. మందు బిళ్లల దగ్గర అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది, నాయనమ్మ అలిగి గదిలోకి పోయింది అని రాశారు. పక్కింటివాళ్లు విన్నారని కూడా మీరే రాశారు. అయితే అది దాగదు. ఆ మేడం మీ అమ్మను మూడుసార్లు అడిగారన్న ప్రశ్న, "ఆ రాత్రి ఆమె అన్నం తిన్నదా?" అన్నది, మీకు వింతగా అనిపించింది. నాకు అనిపించలేదు. ఇన్సులిన్ పడ్డాక అన్నం మానేస్తే రాత్రికి షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు, వయసు మీరినవాళ్లు నిద్రలోనే పోవచ్చు. చనిపోయాక ఒంట్లో చక్కెర దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి, షుగరు పడిపోయి పోయిందా అన్నది శవపరీక్షలో తేల్చడం చాలా కష్టం. గొడవ ముందా, సూది ముందా, అన్నం ఎప్పుడు, ఎంత తిన్నది, గిన్నెలో ఎంత మిగిలింది అన్నది మీ అమ్మ ఒక్కతే చెప్పగలదు.

కానీ చెప్పే ముందు ఒక లాయరుతో మాట్లాడండి, ఇది దాచమని కాదు. ఆ మేడం మీ అమ్మకు వైద్యం చేయడానికి రాలేదు. తను విన్నది రిపోర్టులో రాస్తారు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వలేరు. నేను కూడా కూర్చోగానే ఈ సంగతి చెప్పే మొదలుపెట్టేదాన్ని. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అమ్మ రాత్రిళ్లు నిద్రపోవడం లేదన్నారు, అది కేసుకు సంబంధం లేని సంగతి, దానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇన్సులిన్ సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉందా? ఉంటే కదపకండి. వాడిన సిరంజీలు, మాత్రల పట్టీలు, డాక్టరు చీటీలు, గ్లూకోమీటరు ఏవీ ఇల్లు శుభ్రం చేసే పేరుతో బయట పడేయకండి. పాత రీడింగులు ఆ మీటర్లో ఉండిపోతాయి. లాయరుకు చెప్పి, సీఐ గారికి మీరే కబురు పెట్టి అన్నీ అప్పగించండి, తీసుకున్నట్టు కాగితం రాయించుకోండి.